కాలేజీ తప్పుకు పిల్లలకు జరిమానా

(శ్రీకాకుళం జిల్లా రావివలసలో చేసిన గిడుగు వెంకట రామమూర్తి స్మారకోపన్యాసం పాఠం)



గిడుగు రామమూర్తి పంతులు గారి పేరు మీద ఉపన్యాసం అంటే వాడుక భాష గురించి మాట్లాడడం రివాజు. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్లు ఈ జిల్లాలో చాలామంది ఉన్నారు. నేను పంతులు గారి జీవితంలోంచి మరో ముక్క తీసుకుంటాను. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన ఆయన 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా కుదిరారు. కొండల మీది సవరలతో స్నేహం చేశారు. పట్టుబట్టి వాళ్ల భాష నేర్చుకున్నారు. ఆ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పాలని సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. అదీ ప్రైవేటు విద్యే. సర్కారు పెట్టని చోట ఒక మనిషి పూనుకుని పెట్టిన బడే. ఆ బడి నడవకపోతే పోయేది పంతులు గారి డబ్బు. ఏ సవర కుటుంబమూ దాని కోసం పోడు తాకట్టు పెట్టలేదు.

ఇవాళ్టి ప్రైవేటు కాలేజీ సంగతి దీనికి తలకిందులు. పెట్టినవారి నష్టం తక్కువ, చేరినవారి నష్టం ఎక్కువ. నా మాటంతా ఈ తేడా గురించే.

అమెరికాలో లాభం కోసమే నడిచే కాలేజీ కంపెనీలు ఉన్నాయి. వాటి షేర్లు స్టాక్ మార్కెట్‌లో దొరుకుతాయి. ఏటా వాళ్లు దాఖలు చేసే నివేదికలో ముప్పుల గురించి కొన్ని పేజీలు తప్పనిసరిగా రాయాలి. గుర్తింపు రద్దయితే ఏమవుతుంది, సర్కారు సాయం ఆగితే ఏమవుతుంది, రూలు మారితే ఏమవుతుంది అని విడివిడిగా చెప్పాలి. షేరు కొనేవాడు తెలిసి కొనాలని ఆ నిబంధన. మన కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే పిల్లకు అలాంటి కాగితం ఎవరూ ఇవ్వరు. షేరు నచ్చకపోతే సాయంత్రానికి అమ్ముకోవచ్చు. సీటు తీసుకున్న పిల్ల నాలుగేళ్లు అక్కడే ఉండాలి.

కాలేజీల మీద ప్రభుత్వ అజమాయిషీ ఉండాలా వద్దా అని మనం చాలాకాలంగా వాదించుకుంటున్నాం. అది సగం ప్రశ్నే. ఆ అజమాయిషీ నిద్రపోయినప్పుడు గాని, ఆలస్యంగా మేలుకుని కొరడా తీసినప్పుడు గాని దెబ్బ ఎవరికి తగులుతోంది అన్నది మిగతా సగం. ఆ రెండో సగాన్ని అడిగేవాళ్లు తక్కువ.

చట్టం రాసుకున్న మాట

మన దేశంలో కాలేజీ పెట్టాలంటే ట్రస్టో, సొసైటీయో, లాభాలు పంచుకోని కంపెనీయో ఉండాలి. చదువు వ్యాపారం కాదన్నది చట్టం మాట. ఆంధ్రప్రదేశ్ 1983లోనే క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. తొమ్మిదేళ్ల తర్వాత, 1992లో అదే చట్టానికి సవరణ తెచ్చి, నేదురుమల్లి జనార్దనరెడ్డి ప్రభుత్వం ప్రైవేటు మెడికల్, డెంటల్ కాలేజీలకు వరసగా అనుమతులిచ్చింది. హైకోర్టు ఫుల్ బెంచి వాటిని కొట్టేసింది. ఆ అక్టోబరులో ముఖ్యమంత్రి రాజీనామా చేశారు. కాలేజీ అనుమతుల ఫైలు ఒక ముఖ్యమంత్రి కుర్చీని కదిపిన రాష్ట్రం మనది.

1993 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ తీర్పు ఇచ్చింది. అదీ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే. సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అన్నారు. ఈ సభలో యాభై దాటినవాళ్లకు ఆ మాటలు గుర్తుండే ఉంటాయి. పేమెంట్ సీటు పిల్ల కట్టే డబ్బుతో ఫ్రీ సీటు పిల్ల చదువుకోవాలని లెక్క. 2002 అక్టోబరు 31న టీఎంఏ పాయ్ ఫౌండేషన్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పథకాన్ని పక్కన పెట్టింది. కాలేజీ తన ఫీజు తాను నిర్ణయించుకోవచ్చు, అభివృద్ధి కోసం సబబైన మిగులు ఉంచుకోవచ్చు, లాభార్జన మాత్రం కుదరదు అంది. మిగులు ఎక్కడ ముగుస్తుంది, లాభం ఎక్కడ మొదలవుతుంది? దానికోసం 2003లో ఇస్లామిక్ అకాడమీ తీర్పు రిటైర్డు హైకోర్టు న్యాయమూర్తుల అధ్యక్షతన కమిటీలు వేయమంది. 2005లో ఇనాందార్ తీర్పు ఆ ఏర్పాటును నిలబెట్టింది. మన రాష్ట్రంలో ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ పుట్టింది ఇలాగే. కాలేజీ లెక్కల పుస్తకాలు చూసి మూడేళ్ల కాలానికి ఫీజు ఖరారు చేయడం అప్పట్లో దాని పని.

పద్ధతి మంచిదే. దాన్ని రెండు వైపుల నుంచీ తొక్కారు. 2017 సెప్టెంబరు 6న ప్రభుత్వం ఒక జీవో ఇచ్చి, ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో ఎంబీబీఎస్ ట్యూషన్ ఫీజును ఏడాదికి 24 లక్షలకు పెంచింది. అంతకుముందు ఉన్నదానికి అది ఏడు రెట్లు. కమిటీ సిఫారసు లేకుండానే పెంచారు. హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును ఖాయం చేసి, కాలేజీకీ ప్రభుత్వానికీ కలిపి 5 లక్షల ఖర్చులు విధించింది. చదువు లాభాలు తీసే వ్యాపారం కాదని మరోసారి చెప్పింది. సంతోషం. అయితే 2017లో చేరిన పిల్ల ఆ తీర్పు వచ్చేనాటికి ఫైనలియర్ దాటి హౌస్ సర్జన్ అయ్యుంటుంది. ఆ అయిదేళ్లూ వడ్డీ కట్టింది వాళ్ల నాన్న.

రెండో వైపు నుంచి తొక్కింది 2021 ఆగస్టులో. ప్రైవేటు బళ్లకు 53వ నంబరు జీవో, జూనియర్ కాలేజీలకు 54వ నంబరు జీవో వచ్చాయి. పంచాయతీలో ఒక రేటు, మున్సిపాలిటీలో ఒక రేటు, కార్పొరేషన్‌లో ఒక రేటు. వసతులున్న కాలేజీకీ, రేకుల షెడ్డులో నడిచే కాలేజీకీ ఊరిని బట్టి ఒకే ధర. డిసెంబరులో హైకోర్టు ఆ రెండు జీవోలనూ కొట్టేసింది. ఒకసారి కమిటీని దాటేసి పెంచారు, ఒకసారి ఒక్కో సంస్థ లెక్క చూడకుండా కట్టడి చేశారు. రెండుసార్లూ కోర్టులో నిలబడలేదు. విద్యా సంవత్సరం సగంలో ఉండగా ఏ ఫీజు కట్టాలో తెలియక తల్లిదండ్రులు కాలేజీ కౌంటర్ల దగ్గర నిలబడ్డారు.

మిగులు ఏ దారిన పోతుంది

ట్రస్టు పద్దుల్లో లాభం అన్న మాట ఉండదు. ఖర్చు కన్నా ఆదాయం ఎక్కువ అని రాస్తారు. తెలివైన యాజమాన్యం ఆ ఎక్కువ కూడా పద్దులో కనిపించకుండా చూసుకుంటుంది. అందుకు దారులు చాలా ఉన్నాయి. కాలేజీ ఉన్న స్థలం సొసైటీది కాదు, వ్యవస్థాపకుడి కుటుంబంలో ఒకరిది. సొసైటీ వాళ్లకు అద్దె కడుతుంది. కొత్త బ్లాకు కట్టే కాంట్రాక్టు బావమరిది కంపెనీది. బస్సులు, హాస్టలు, మెస్సు వేరే సంస్థ పేరు మీద నడుస్తాయి. ఫీజు ఖరారు చేసేవాళ్లు ట్యూషన్ ఫీజు చూస్తారు గాని మెస్సు బిల్లు చూడరు. అధ్యాపకుడి జీతం నిబంధన ప్రకారం బ్యాంకులో పడుతుంది. ఏటీఎం కార్డు యాజమాన్యం దగ్గర ఉంటుందని అధ్యాపక సంఘాలు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నాయి.

ఇవన్నీ అన్ని కాలేజీల్లో జరుగుతాయని నేను అనడం లేదు. నిజాయితీగా నడిపేవాళ్లు ఉన్నారు, నష్టపోయి మూసుకున్నవాళ్లూ ఉన్నారు. లాభం నిషేధించి, లాభం బయటికి పోయే దారులు తెరిచి ఉంచితే నష్టపోయేది ఆ నిజాయితీపరుడే. పక్కవాడితో పోటీ పడలేక ఆయన కూడా అదే దారి వెతుక్కుంటాడు.

2022 అక్టోబరులో సుప్రీంకోర్టు న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో తీర్పు చెప్పింది. ఆదాయపు పన్ను మినహాయింపు కోరిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సంస్థల కేసది. చదువే ఏకైక లక్ష్యమైన సంస్థకే మినహాయింపు, చదువు ముఖ్యమై పక్కన ఇంకోటి ఉన్నా కుదరదు అని కోర్టు గట్టిగా చెప్పింది. మరి పద్దులు చూసే పన్ను అధికారికి తెలిసినది ఫీజు ఖరారు చేసేవాళ్లకు తెలుస్తోందా? వాళ్లు చూసినది యూనివర్సిటీకి వెళుతోందా? ఒకే కాలేజీ గురించి నాలుగు ఆఫీసుల్లో నాలుగు ఫైళ్లు ఉంటాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివే మనిషి ఎవరూ లేరు.

తనిఖీ రోజు

ఇంజనీరింగు కాలేజీకి ఢిల్లీలో ఏఐసీటీఈ ఆమోదం కావాలి, యూనివర్సిటీ అనుబంధ గుర్తింపు కావాలి, రాష్ట్ర ప్రభుత్వం అనుమతి కావాలి. మన జిల్లా కాలేజీలు మొదట జేఎన్‌టీయూ కింద, 2008 తర్వాత కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉండేవి. ఇప్పుడు విజయనగరంలోని గురజాడ యూనివర్సిటీ కిందికి వచ్చాయి. డిగ్రీ కాలేజీలు ఎచ్చెర్లలోని అంబేడ్కర్ యూనివర్సిటీ కింద ఉన్నాయి. గుమ్మాలు ఎన్నో, తనిఖీ బృందాలు అన్ని.

అలాంటి బృందాలతో వెళ్లివచ్చిన వాళ్లని ఎవరినైనా అడగండి, ఒకే కథ చెబుతారు. వచ్చే తేదీ ముందే తెలుస్తుంది. ఆ రోజుకు ల్యాబు నిండా కంప్యూటర్లు ఉంటాయి. స్టాఫ్‌రూములో కొత్త ముఖాలు ఉంటాయి. ఒక పీహెచ్‌డీ పేరు రెండు మూడు కాలేజీల జాబితాల్లో కనిపిస్తుంది. ఆధార్ అనుసంధానం, బయోమెట్రిక్ హాజరు వచ్చాక ఇది కొంత తగ్గింది. కొంతే తగ్గింది, ఎందుకంటే బయోమెట్రిక్ వేలు వచ్చిందని చెబుతుంది గాని పాఠం చెప్పిందని చెప్పదు. తనిఖీకి వచ్చే ఆచార్యుడు కూడా ఎక్కడో ఒక కాలేజీ మనిషే. వచ్చే నెల ఆయన కాలేజీకి వేరే బృందం వెళుతుంది. అనుబంధ గుర్తింపు ఫీజు యూనివర్సిటీకి ఆదాయం. ఒక కాలేజీని కాదంటే ఆ ఆదాయం పోతుంది. మనుషులు చెడ్డవాళ్లు అనుకోనక్కర్లేదు. మెత్తగా రాస్తే ఎవరికీ నష్టం లేని చోట నివేదికలు మెత్తగానే ఉంటాయి.

అంతకు మించినవీ ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక పెద్ద డీమ్డ్ యూనివర్సిటీకి న్యాక్ అత్యున్నత గ్రేడు ఇవ్వడానికి లంచాలు ముట్టాయన్న ఆరోపణ మీద సీబీఐ విద్యాసంస్థ ప్రతినిధులను, తనిఖీ బృందం సభ్యులను అరెస్టు చేసింది. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. కంచే చేను మేసిందో లేదో తేలేదాకా కూడా ఆ గ్రేడు చూసి చేరిన పిల్లల మార్కుల జాబితా మీద ఆ యూనివర్సిటీ పేరే ఉంటుంది.

సర్కారే పెద్ద ఖాతాదారు

2008 ప్రాంతంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటును వెనుకబడిన వర్గాలకు, పేదలకు విస్తరించింది. దాని విలువ ఈ ప్రాంతానికి ఒకరు చెప్పనక్కర్లేదు. పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు ఒలిచే అమ్మ కూతురు ఇంజనీరింగు చదివిందంటే ఆ పథకం వల్లనే. మేలుతో పాటు ఒక మార్పు కూడా వచ్చింది. కాలేజీకి డబ్బు కట్టేది పిల్ల కాదు, ప్రభుత్వం. పుట్టగొడుగుల్లా కాలేజీలు లేచాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీలు ఏడు వందలు దాటాయి. చదువు బాగుందా అని అడిగే ఖాతాదారు లేడు. సీటు నిండిందా అన్నదే లెక్క.

అమెరికా ఈ ప్రమాదాన్ని గుర్తించి ఒక నిబంధన పెట్టుకుంది. లాభం కోసం నడిచే కాలేజీ ఆదాయంలో ఫెడరల్ సాయం 90 శాతం మించకూడదు. మిగతా 10 శాతమైనా సొంతంగా డబ్బు కట్టడానికి ఇష్టపడే మనుషుల నుంచి రావాలి. ఒక్కరూ జేబులోంచి కట్టడానికి ముందుకు రాని కాలేజీ ప్రభుత్వ సొమ్ము మీద మాత్రమే బతకకూడదని దాని అర్థం. మన గ్రామీణ కాలేజీలకు ఈ కొలత పెడితే చాలా మూతపడతాయి. అది ఇక్కడ పనికిరాదు, మన పిల్లల దగ్గర ఆ 10 శాతం కూడా లేదు. ఆ నిబంధన వెనక ఉన్న ప్రశ్న మాత్రం మనకూ కావాలి.

ఆ డబ్బు వేళకు రాదు. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఇదే కథ. 2019 తర్వాత విద్యా దీవెన పేరుతో తల్లుల ఖాతాల్లో వేశారు, 2024 తర్వాత మళ్లీ కాలేజీలకే నేరుగా ఇస్తామన్నారు. దారి మారింది, బకాయిలు పోలేదు. 2025లో తెలంగాణలో ప్రైవేటు యాజమాన్యాలు బకాయిల కోసం కాలేజీలు మూసి బంద్ చేశాయి. ప్రభుత్వం కాలేజీకి బాకీ, కాలేజీ అధ్యాపకుడికి బాకీ. ఈ గొలుసు చివర ఎవరున్నారు? కోర్సు పూర్తయి, ఉద్యోగం వచ్చి, టీసీ కోసం, ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం కాలేజీకి వెళ్లిన పిల్ల. సర్కారు డబ్బు రాలేదమ్మా, నువ్వు కట్టి తీసుకెళ్లు అంటారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకోకూడదని యూజీసీ 2018లో గట్టిగా చెప్పింది. ఉత్తర్వు ఢిల్లీలో ఉంది, బీరువా తాళం కాలేజీలో ఉంది.

మన ఉద్దానం ప్రాంతంలో ఈ మాటకు బరువు ఇంకా ఎక్కువ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని ఒక్క రాత్రిలో నేలకూల్చింది. మళ్లీ నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, కాలేజీ వాయిదా ఏటా వస్తుంది. ఈ ప్రాంతాన్ని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బు ఇంట్లో ఎవరికైనా ఉంటే మందులకూ ప్రయాణాలకూ సగం ఆదాయం పోతుంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచాక దూరం కొంత తగ్గింది. ఇలాంటి ఇంట్లో సర్టిఫికెట్ కోసం అడిగే 40 వేలు అంటే వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కడమే.

2014 ఆగస్టు

అజమాయిషీ నిద్ర లేచిన రోజు కూడా చూద్దాం. 2014లో రాష్ట్రం విడిపోయాక, కొత్త తెలంగాణ ప్రభుత్వ కాలంలో హైదరాబాద్ జేఎన్‌టీయూ 174 ఇంజనీరింగు కాలేజీలకు అనుబంధ గుర్తింపు ఇవ్వలేదు. అధ్యాపకులు లేరు, ల్యాబులు లేవు అన్నారు. చాలాచోట్ల ఆ మాట నిజమే. అయితే ఆ లోపాలు ఆ ఏడాదే పుట్టాయా? అంతకుముందు ఏడాది అదే యూనివర్సిటీ అదే కాలేజీలకు సంతకం పెట్టింది. కఠినత్వం వచ్చింది, అదీ కౌన్సెలింగు ముంగిట వచ్చింది. యాజమాన్యాలు లాయర్లను పెట్టుకుని కోర్టుకు వెళ్లాయి. పిల్లలకు లాయరు లేడు. ఏ కాలేజీ జాబితాలో ఉంటుందో, ఏది పోతుందో తెలియకుండా ఆప్షన్లు పెట్టుకున్నారు. ముందే రెండో ఏడు, మూడో ఏడు చదువుతున్నవాళ్ల పరిస్థితి ఇంకా అయోమయం. కొత్త చేరికలు లేని కాలేజీకి ఆదాయం ఉండదు, ఆదాయం లేని కాలేజీలో అధ్యాపకులు నిలవరు.

నేను ఆ కాలేజీల తరఫున మాట్లాడడం లేదు. చెడ్డ కాలేజీ మూతపడాలి. మూసే రోజున లోపలున్న పిల్లలు ఎక్కడికి వెళతారో అదే కాగితం మీద రాసి ఉండాలి అంటున్నాను.

సముద్రం దాటాక

ఇక్కడి ముప్పు తప్పించుకోవడానికి విమానం ఎక్కితే అక్కడ వేరే ముప్పు. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ అని ఒకటుండేది. విదేశీ విద్యార్థులను చేర్చుకోవడానికి అమెరికా ప్రభుత్వమే దానికి అనుమతి ఇచ్చింది. రెండేళ్ల లోపే విద్యార్థుల సంఖ్య పదుల నుంచి 1,555కు పెరిగింది. దాదాపు అందరూ భారతీయులు, అందులోనూ ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ పిల్లలు. వందలమంది సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంటు చిరునామాలో ఉంటున్నట్టు రికార్డుల్లో ఉంది. ఆ రికార్డు కూడా ప్రభుత్వ కంప్యూటర్లోనే ఉంది. 2011 జనవరిలో దాడులు చేశారు. కొందరు పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. వ్యవస్థాపకురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. న్యాయం జరిగిందనవచ్చు. పిల్లలు కట్టిన ఫీజు, పోయిన వీసా, ఇక్కడ బ్యాంకులో పెరిగిన అప్పు ఏ తీర్పులోనూ తిరిగి రాలేదు.

ఇంకో అడుగు ముందుకు వెళ్లారు మిషిగన్‌లో. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అన్నది అమెరికా వలస నియంత్రణ అధికారులే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. అధ్యాపకులు లేరు, తరగతులు లేవు. వెబ్‌సైటు ఉంది, ఫీజు వసూలు ఉంది. ప్రభుత్వ జాబితాలో ఆమోదం ఉన్నట్టు కనిపించింది. 2019 జనవరి చివర గుట్టు విప్పారు. చేరిన ఆరు వందల పైచిలుకు మందిలో మన తెలుగువాళ్లు చాలామంది. పిల్లల్ని చేర్పించిన ఎనిమిది మంది దళారుల మీద కేసులు పెట్టారు. అక్కడ చదువు లేదని తెలిసీ చేరారని ప్రభుత్వ వాదన. కొందరికి తెలిసే ఉంటుంది. అందరికీ తెలుసని ఎలా అంటాం? ఫీజు తిరిగి ఇవ్వాలని విద్యార్థుల తరఫున వేసిన దావాను కింది కోర్టు కొట్టేస్తే, 2024లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని విచారించవచ్చని తిరిగి పంపింది.

అదే దేశంలో ఇంకో లెక్క కూడా ఉంది. కొరింథియన్ అనే పెద్ద కాలేజీ కంపెనీ 2015లో మూతపడింది. అందులో చదివిన 5,60,000 మంది ఫెడరల్ రుణం 580 కోట్ల డాలర్లను 2022లో రద్దు చేశారు. చదువుతుండగా కాలేజీ మూతపడితే రుణం రద్దు కోరే హక్కు అక్కడి చట్టంలో ఉంది. ఆర్థికంగా బలహీనమైన కాలేజీ ముందుగానే ప్రభుత్వానికి బ్యాంకు హామీ కట్టాలి. అక్కడి పౌరుడికి ఉన్న ఈ రక్షణ వీసా మీద వెళ్లిన మన పిల్లకు లేదు. ఇక్కడ అప్పిచ్చిన బ్యాంకు అక్కడ కాలేజీ మూతపడిందని వాయిదా మానుకోదు.

ఇక్కడ ఇంకో విడ్డూరం చూడండి. కవిటి నుంచో, వజ్రపుకొత్తూరు నుంచో గల్ఫుకు పనికి వెళ్లే కుర్రాణ్ణి పంపే ఏజెంటుకు 1983 నాటి వలసల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి, డిపాజిట్ ఉండాలి. అదే ఊరి పిల్లను అమెరికా కాలేజీకి పంపే కన్సల్టెన్సీకి ఆ చట్టం వర్తించదు. కాలేజీ నుంచి కమీషన్ తీసుకుని, తల్లిదండ్రుల నుంచి ఫీజు తీసుకుని, తేడా వస్తే బోర్డు మార్చేయవచ్చు.

ఎదుటివాళ్ల మాట

ఇంతసేపూ వింటున్న ఒక కాలేజీ యజమాని నన్ను ఒక ప్రశ్న అడగవచ్చు. మేం లేకపోతే మీ పిల్లలు ఎక్కడ చదివేవాళ్లు? న్యాయమైన ప్రశ్న. 1997లో రాజాంలో జీఎంఆర్ ఇంజనీరింగు కాలేజీ, 2001లో టెక్కలిలో ఐతం కాలేజీ వచ్చేదాకా ఈ ప్రాంతపు పిల్ల ఇంజనీరింగు చదవాలంటే నూటయాభై కిలోమీటర్లకు పైగా పోయి విశాఖలో హాస్టలు చూసుకోవాలి. ఆడపిల్లయితే చాలా ఇళ్లలో మాట అక్కడితో ఆగిపోయేది. ప్రభుత్వం తాను పెట్టాల్సిన కాలేజీలు పెట్టకుండా, పెట్టినవాళ్లను దొంగల్లా చూడడం ధర్మం కాదు. బకాయిలు ఏళ్లకేళ్లు ఆపి జీతాలు ఎందుకివ్వలేదని నిలదీయడమూ ధర్మం కాదు. నిబంధన ఏటా మారితే ఏ సంస్థా నాలుగేళ్ల ప్రణాళిక వేసుకోలేదు.

ఇవన్నీ ఒప్పుకుంటాను. యజమానికి ఉన్న ముప్పు నిజమైనదే. ఆయనకు మాత్రం చేతిలో స్థలం ఉంది, లాయరు ఉన్నాడు, సంఘం ఉంది, చట్టసభల్లో తన తోటి యజమానులు ఉన్నారు. పిల్ల దగ్గర ఉన్నది ఒక హాల్ టికెట్ నంబరు.

పిల్ల చేతికి ఇవ్వవలసిన కాగితం

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఒకటి, అనుబంధ గుర్తింపు ఇస్తామా లేదా అన్నది కౌన్సెలింగు మొదలవడానికి ముందే తేల్చి ప్రకటించాలి. ఆ తేదీ దాటాక తీసుకునే ఏ నిర్ణయమైనా ముందే చేరిన పిల్లలకు వర్తించకూడదు. రెండు, చేర్చుకున్న ప్రతి పిల్లనూ కోర్సు చివరిదాకా చదివించే పూచీ యూనివర్సిటీది కావాలి. ఆమె పట్టా మీద సంతకం యూనివర్సిటీదే గదా. కాలేజీ మూతపడితే ఏ కాలేజీకి పంపుతారో గుర్తింపు ఇచ్చే రోజునే రాసుకోవాలి. మూడు, కాలేజీ పెట్టేటప్పుడు కట్టించుకునే డిపాజిట్ ముందుగా పిల్లల ఫీజు వాపసుకు ఖర్చుకావాలి. నాలుగు, ప్రభుత్వం బకాయి పడితే ఆ లెక్క ప్రభుత్వమూ కాలేజీయూ తేల్చుకోవాలి. ఆ పేరుతో సర్టిఫికెట్ ఆపిన కాలేజీకి ఆ రోజు నుంచి రోజుకింత అని జరిమానా పడాలి. అయిదు, విదేశీ కాలేజీల కన్సల్టెన్సీలకు గల్ఫు ఏజెంట్లకు పెట్టిన రిజిస్ట్రేషన్, డిపాజిట్ నిబంధనలే పెట్టాలి.

ఆరోది నేను మొదట అన్న కాగితం. ఏఐసీటీఈ తప్పనిసరి వెల్లడి అని ఒక రూలు పెట్టింది, కాలేజీలు తమ వివరాలు వెబ్‌సైటులో ఉంచాలి. అది కాలేజీ తన గురించి తాను రాసుకునేది, అదీ ఇంగ్లీషులో. నేను అడిగేది యూనివర్సిటీ రాసి, సంతకం పెట్టి, వెబ్ ఆప్షన్ల తెర మీద ప్రతి కాలేజీ పేరు పక్కన ఉంచే ఒక్క తెలుగు పేజీ. ఫస్టియర్‌లో ఎంతమంది చేరారు, వాళ్లలో ఎంతమంది వేళకు పాసయ్యారు. అధ్యాపకులు ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారు, ఎంతమంది ఒక ఏడాదైనా నిలిచారు. గత నాలుగేళ్ల తనిఖీల్లో ఏం తప్పులు పట్టారు, ఏవి దిద్దుకున్నారు. కాలేజీ స్థలం ఎవరిది, సొసైటీ ఎవరికి అద్దె కడుతోంది. కోర్టులో ఏ కేసులున్నాయి. ప్రభుత్వం ఎంత బాకీ ఉంది. ట్యూషన్ కాకుండా హాస్టలు, బస్సు, పరీక్ష అన్నీ కలిపి నాలుగేళ్లకు ఇంటికి ఎంత పడుతుంది.

ఈ వివరాల్లో కొత్తగా సేకరించాల్సింది ఏదీ లేదు. అన్నీ ఏదో ఒక ఆఫీసులో ఇప్పటికే ఉన్నాయి. వాటిని ఒకచోటికి తెస్తే తనిఖీ బృందం మెత్తగా రాయడం కూడా కష్టమవుతుంది, ఎందుకంటే ఆ రాత మొదటిసారిగా టెక్కలిలో ఒక తండ్రి చదువుతాడు. నాలుగు ఆఫీసులు నాలుగు ఫైళ్లలో దాచిన ముప్పును ఆయన ఒక పేజీలో చూస్తాడు.

ఈ పేజీ వచ్చేదాకా పిల్లలకు ఒక మాట. ఏ కాలేజీలో చేరేముందైనా అక్కడ మూడో ఏడు చదువుతున్న ఇద్దరిని కలవండి. ఈ సెమిస్టరులో ఎన్ని సబ్జెక్టులకు టీచరు ఉన్నారు, నిరుడు పాసైనవాళ్లకు సర్టిఫికెట్లు ఇచ్చారా అని అడగండి. బ్రోషరులో లేనిది అక్కడ తెలుస్తుంది. పెద్దలకు ఒక మాట. మన శాసనసభ్యులు ఊళ్లోకి వచ్చినప్పుడు రోడ్డు అడుగుతాం, నీళ్లు అడుగుతాం. ఈసారి ఈ ఆరింటినీ కాగితం మీద రాసి చేతికివ్వండి. ఏది చేస్తారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో సభలోనే చెప్పమనండి. సొంత డబ్బుతో బడి పెట్టిన మనిషి పేరు మీద మాట్లాడే ఈ వేదిక అలాంటి ప్రశ్నకు తగిన చోటు.